తెరమీది మద్దెల – ఊరిలోని గురువు

రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నదని మన పెద్దలు చెప్పుదురు. రోలుకు ఒకవైపే పోటు. మద్దెలకు రెండువైపులను దెబ్బలే. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబముల స్థితియు మద్దెల స్థితియే. ఇక్కడ మనము తెలుగువారము. కొడికొండ దాటినంతనే కన్నడదేశమువారము. రెండువైపుల దెబ్బలకు అలవాటుపడిన వారము గనుక, దెబ్బ నుండి నాదమెట్లు పుట్టునో మనకు ఇతరులకంటె బాగుగా తెలియవలసినది. కాని మన పిల్లలకు మృదంగము నేర్పించు విషయమున ఈనాడు మన సంఘములలో వినవచ్చుచున్న మాటలను చూడగా, ఆ తెలివి మనకు తప్పిపోవుచున్నదేమో యని భయము కలుగుచున్నది.

విషయమిది. పిల్లల మృదంగ శిక్షణకై సంఘనిధి నుండి కొంత సొమ్ము కేటాయింపవలెనని పెద్దలందరును ఒప్పుకొన్నారు. అందుకు మేమును సంతోషించుచున్నాము. అయితే ఆ సొమ్మును ఒక గురువునకు ఇచ్చుటకంటె, ఇంటర్నెట్టులో దొరకు వీడియో పాఠములకు సంవత్సరపు చందా కట్టి, ఇంటింటికి ఆ పాఠములను పంచుటయే మేలని ఒక వాదము బయలుదేరినది. ఈ వాదము చేయువారు పరాయివారు కారు. మన మిత్రులే, మన బిడ్డల మేలు కోరినవారే. వారి యుద్దేశము మంచిది. వాదము మాత్రము తప్పు. ఎందువలన తప్పో దాపరికము లేకుండ చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట వారి మాటలను వారు చెప్పినట్లే చెప్పుట న్యాయము. గురువు దొరకుట కష్టము. దొరికినను బెంగళూరు నుండి రావలెను. వచ్చినను వారమునకు ఒక్క గంట. వీడియో యన్ననో చేతిలోని ఫోనులోనే యున్నది. అర్ధరాత్రి అడిగినను పాఠము చెప్పును. ఒకసారికి అర్థము కాకున్న పదిసార్లు చెప్పును, విసుగుకొనదు, కసరుకొనదు. వ్రేళ్ల కదలికను నెమ్మది చేసి చూపును. ఒక గురువునకు ఇచ్చు సొమ్ముతో ఎందరో పిల్లలకు పాఠము అందును. ఇవి వారి వాదములు.

ఇందులో నిజము లేకపోలేదు. యూట్యూబు 2005లో పుట్టినది. 2016 తరువాత మన దేశమున ఇంటర్నెట్టు చౌకయై పల్లెపల్లెకును చేరినది. 2020 మార్చిలో మహమ్మారి మూలమున దేశమంతట తలుపులు మూసికొన్నప్పుడు, పాఠము ఆగిపోకుండ నిలిపినది ఈ తెరయే. మృదంగము ఆడపిల్లలకేల యను ఇండ్లలో సైతము, పిల్ల గది తలుపు మూసికొని తెరయెదుట కూర్చుండి నాలుగు పాఠములు నేర్చుకొన్నది. మృదంగ విదుషీమణి దండమూడి సుమతీ రామమోహనరావుగారికి 2021లో పద్మశ్రీ లభించిన తరువాత కూడ ఆ ప్రశ్న వేయు ఇండ్లు మనలో ఉన్నవి. ఇక ఏ గురువు గడప ఏ కులమువారికి తెరువబడలేదో, ఆ గడపను వారికి అడుగు పెట్టకుండగనే దాటించినది ఈ తెర. ఈ మేలును కాదనువాడు కృతఘ్నుడు. మేము కాదనుట లేదు.

మేము కాదనునది ఒక్కటే: చూపుటయే నేర్పుట యనుకొనుట.

మృదంగము నేర్చుకొను పిల్లవాడు చేయు పని యేమి? తా, ది, తొం, నం అను నాలుగు అక్షరములతో ఆరంభించి, నోటితో చెప్పినదానిని చేతితో పలికించుట. కంటికి ఇవి వ్రేళ్ల ఆటలు. చెవికి ఇవి మాటలు. చూపుడువ్రేలు ఒక గోరంత లోపలికి పడినను వెలుపలికి పడినను చూచువానికి భేదము తెలియదు. వినువానికి అది వేరు అక్షరము. ఉంగరపువ్రేలు మూతపై ఆనించి ఉంచవలసినప్పుడు కొంచెము బరువెక్కినదా, మ్రోగవలసిన "నం" మూగదైపోవును. వీడియోలోని విద్వాంసుడు వ్రేలు ఎక్కడ పెట్టవలెనో చూపగలడు. మన పిల్లవాడు ఎక్కడ పెట్టినాడో ఆయన ఎరుగడు. పిల్లవాడును ఎరుగడు. తప్పు చేయుచున్నవానికి తన తప్పు వినబడదు. వినబడిననాడు వానికి సగము విద్య వచ్చినట్లే. గురువనగా శిష్యుని చేతిని శిష్యునికంటె ముందుగా వినువాడు. వీడియోకు నోరు కలదు, చేతులు కలవు. చెవి మాత్రము లేదు. చెవిలేని గురువును కుదుర్చుకొనుటకు సంఘనిధిని వెచ్చింపవలెనా యని మేము అడుగుచున్నాము.

ఇక్కడికి దగ్గరలోనే ఒక దృష్టాంతము కలదు. బాగేపల్లి నుండి జాతీయ రహదారిపై ఉత్తరముగా పోయి, కొడికొండ వద్ద పడమరకు తిరిగినచో లేపాక్షి. పదునారవ శతాబ్దమునాటి ఆ వీరభద్రాలయపు నాట్యమండపమున, స్తంభములపై మద్దెల వాయించుచున్న మూర్తులు నేటికిని నిలిచియున్నవి. చేయి ఎట్లు ఎత్తవలెనో, వాద్యమును ఎట్లు పట్టవలెనో ఆ శిల్పి చక్కగా చూపినాడు. దాదాపు ఐదువందల యేండ్లుగా లక్షలమంది ఆ శిల్పములను చూచిరి. వానిని చూచి మద్దెల నేర్చినవాడు ఒక్కడున్నట్లు మేము వినలేదు. వీడియో కదలుచున్న శిల్పము. మ్రోగుచున్న శిల్పము. అయినను శిల్పమే.

"అది ముందే పట్టి ఉంచిన పాఠము సంగతి, ఆన్‌లైనులో గురుశిష్యులు ఎదురెదురుగా కూర్చుండి చెప్పుకొను పాఠములు లేవా?" అని కొందరు అడుగుదురు. ఉన్నవి. వాని సంగతియు మేము స్వయముగా చూచినాము. 2020లో మేమెరిగిన ఒక వృద్ధ వాద్యకారుడు చింతామణిలో తన యింట కూర్చుండి, బెంగళూరులోని శిష్యునకు ఫోనులో పాఠము చెప్పెడివాడు. నెల తిరుగకముందే ఆయన ఫోను ప్రక్కన పెట్టివేసెను. ఆ చివరి దినమున ఆయన శిష్యునితో అన్నమాట మా చెవులలో ఇంకను ఉన్నది: "నీ చెయ్యి కనపడతాంది అబ్బోడా, ఇనపడేదే లేదు." ఆ కుర్రవాడు, "తాతా, సౌండు పెంచుకోండి" అనెను. ముసలాయన నవ్వి, "సౌండు ఉండాది నాయనా, నాదమే లేదు" అనెను.

ఇది ముసలివాని చాదస్తము కాదు; లెక్క చూడుడు. ఆదితాళమునకు ఎనిమిది క్రియలు. క్రియకు ఒక సెకను చొప్పున తాళము వేయుచు, క్రియకు ఎనిమిది అక్షరములు వాయించినచో, ఒక్కొక్క అక్షరమునకు దక్కునది సెకనులో ఎనిమిదవ వంతు. ఒకే గదిలో ఎనిమిది అడుగుల యెడమున కూర్చున్న గురువు చెవికి శిష్యుని నాదము చేరుటకు సెకనులో నూరవ వంతైనను పట్టదు. ఫోను ద్వారా పోయి, మరల తిరిగి వచ్చుటకు పావు సెకను జాగు సామాన్యము. మన పల్లెలలో అంతకంటె ఎక్కువయే. పావు సెకను అనగా రెండక్షరములు. గురువు ఇక్కడ తాళము వేయగా శిష్యుడు అక్కడ వాయించినచో, సరిగా వాయించినను రెండక్షరములు వెనుకబడినట్లే గురువునకు వినబడును. తప్పు శిష్యునిదో, తీగదో తేల్చుటకు బ్రహ్మతరము కాదు. అందుచేత ఇద్దరు కలిసి వాయించుట సాగదు. ఒకరు ఊరకుండగా మరియొకరు వాయింపవలెను. లయవిద్యలో గురుశిష్యులు కలిసి తాళము వేయలేకున్న, ఇక ఆ పాఠమున మిగిలినదేమి? ఇది చాలదన్నట్లు, మాటలాడుటకై తయారైన ఆ యంత్రములు మనిషి గొంతును నిలిపి, తక్కిన చప్పుళ్లను అణచివేయుటకు ప్రయత్నించును. వాని లెక్కలో మన మృదంగము చప్పుడే!

నాదము సంగతి ఇంకను లోతైనది. సామాన్యముగా బిగించిన తోలుపై కొట్టినచో పుట్టు స్వరములు ఒకదానితో నొకటి పొందవు. అందుకే పెక్కు దేశముల డోళ్లకు శబ్దమే గాని శ్రుతి లేదు. మృదంగపు కుడిమూత నడుమ నల్లని కరణను పొరలుపొరలుగా పట్టించి, ఆ తోలునకు శ్రుతి నేర్పిన ఘనత మన పూర్వులది. సర్ సి. వి. రామన్ ఈ రహస్యమును గూర్చి 1920లో ఒకసారి, బెంగళూరునకు వచ్చిన తరువాత 1934లో విపులముగా మరియొకసారి వ్రాసెను. ఈ మూత కంపించు తొమ్మిది రీతులు ఐదు స్వరములుగా కూడి, మూలస్వరమునకు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతలు అను వరుసలో వీణతంత్రివలె పలుకునని ఆయన నిరూపించెను. మన చిక్కబళ్లాపురమునకు కూతవేటు దూరమున జరిగిన పని యిది. ఇంత సూక్ష్మమైన నాదమును గోరంత స్పీకరున పోసి పిల్లలకు వినిపించుచున్నాము. ఎడమమూతకు రవ్వముద్ద అంటించి, మణికట్టుతో ఒత్తి జార్చినప్పుడు కడుపులో కదలు ఆ గుంకారము ఫోనులో దాదాపు వినబడదు. వినబడనిదానిని పిల్లవాడు ఎట్లు అనుకరించును? అందుచేతనే వీడియో శిష్యుల కుడిచేయి గుఱ్ఱమువలె పరుగెత్తుచుండగా, ఎడమచేయి కట్టెవలె పడియుండుట చూచుచున్నాము.

వాద్యము సజీవమైన తోలు. వానకాలమున సడలును, ఎండకు బిగియును. రాతితో కొయ్యను తట్టి, పాడువాని శ్రుతికి కలుపుకొనుట మొదటి విద్య. ఆ పని చెవితో జరుగును గాని కంటితో జరుగదు. తెరమీది మృదంగమెప్పుడును శ్రుతిలోనే యుండును గనుక, శ్రుతి తప్పుట యొకటి కలదనియే మన పిల్లలకు తెలియకున్నది.

రెండేండ్ల క్రిందట శ్రీరామనవమి భజనలో మేము కండ్లారా చూచినది చెప్పెదము. మన కుటుంబములలోని బాలుడే, బుద్ధిమంతుడు, వీడియోలు చూచి రెండు సంవత్సరములు ఒంటరిగా సాధన చేసినవాడు. వాని వ్రేళ్ల వేగమునకు అందరును ముగ్ధులైరి. తరువాత ఒక పెద్దమ్మ కైవార తాతయ్యగారి కీర్తన యెత్తుకొనెను. డెబ్బది యేండ్ల గొంతు. చరణము చివర ఒక్క క్షణము ఊపిరికై ఆగెను. బాలుడు ఆగలేదు. ఆమె మరల అందుకొనునప్పటికి తాళము ఒకచోట, పాట ఒకచోట. ఆమె సర్దుకొనవలెనని చూచెను. వాడు ముక్తాయింపు మొదలుపెట్టెను. చివరకు చెక్కలు వాయించువాడు గట్టిగా చరచి ఇద్దరిని ఒక దారికి తెచ్చెను. పిల్లవాని ముఖము చిన్నబోయెను. తప్పు వానిది కాదని మేము నొక్కి చెప్పుచున్నాము. రెండేండ్లు వానితో కలిసి వాయించినది ఎన్నడును ఊపిరి తీసికొనని యంత్రము. మనుష్యులు ఊపిరి తీసికొందురని వానికి చెప్పినవారు లేరు. అభిమన్యునకు పద్మవ్యూహమున ప్రవేశించుట తెలిసి వెలువడుట తెలియనట్లు, వానికి ముక్తాయింపు మొదలుపెట్టుట తెలిసినది, పాటతో కలిసి దిగుట తెలియలేదు. తరువాత వాడు మృదంగము తీసినట్లు మేము వినలేదు. ఒక మంచి చేయి అట్లు మూలబడినది. మా కోపమునకు మూలము ఆ చిన్నబోయిన ముఖము.

ఈ మాటలు వినగానే కొందరు ఏకలవ్యుని కథ యెత్తుదురు. మట్టిబొమ్మను ముందు పెట్టుకొని అంతటి విలుకాడు కాలేదా యని. దీనికి మా జవాబులు రెండు. ఒకటి: బాణము తగిలినదో తప్పినదో గురి చెప్పును. ఏకలవ్యునకు గురియే గురువు. మృదంగమునకు అట్టి గురి లేదు, తప్పుదెబ్బయు మ్రోగును. రెండవది ముఖ్యమైనది: ఏకలవ్యుడు బొమ్మను ఆశ్రయించినది బొమ్మ గొప్పదని కాదు, గురువు కాదన్నాడని. ఆ కథనుండి నేర్వవలసినది బొమ్మలను పెంచుమని కాదు, గడపలను తెరువుమని. వ్రేలు పోగొట్టుకొన్నవానిని విద్యావిధానమునకు ఆదర్శముగా చూపుట మనకు తగునా?

ఆ గడపల ప్రసక్తి వచ్చినది గనుక, అసలు నొప్పి యున్నచోట చేయి పెట్టెదము. "మన తాలూకాలలో గురువు దొరకడు" అనుమాట ఎంతవరకు నిజము? 2023లో పద్మశ్రీ పురస్కారముల పట్టికలో కర్ణాటక కళాకారులలో ఒక పేరు కలదు: నాడోజ పిండిపాపనహళ్లి మునివెంకటప్ప. ఆ పిండిపాపనహళ్లి ఎక్కడిదో కాదు, మన చిక్కబళ్లాపురము జిల్లాలోనిదే. ఆయన వాద్యము తమటె. దేశమంతయు తలయెత్తి చూచిన లయవిద్వాంసుని ఊరు మన జిల్లాలో ఉండగా, మనము డోలువాద్యపు గురువు దొరకలేదని ఫోను తెరలో వెదకుచున్నాము. ఇంతకంటె విడ్డూరమేమున్నది?

ఇట్లగుటకు కారణము మనకందరకును తెలియును, పైకి అనము. తమటెను ఊరి చివరి గేరివారు వాయింతురు. చావుకు వాయింతురు, జాతరకు వాయింతురు, చాటింపునకు వాయింతురు. వారు కట్టిన తోలుపై మనము సంగీతము నేర్చుకొందుము గాని, వారిని సంగీతజ్ఞులని అనము. మృదంగము చేయువారి జీవితములను గూర్చి టి. ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమునే వ్రాసి, వాద్యము పూజామందిరమునకు చేరగా దానిని చేసిన చేతులు గడప వెలుపలనే నిలిచిపోయిన సంగతిని లోకమునకు చూపెను. మన సీమలోను కథ అదియే. 1970ల దశకము నుండి కర్ణాటక దళితోద్యమపు ఊరేగింపులలో ఈ తమటెయే ముందు నడచినది. బలవంతముగా వాయింపించుకొనిన వాద్యమును వారు తమ గొంతుగా చేసికొనిరి. ఆ మార్పును మనము చూచియు చూడనట్లున్నాము.

తమటె తక్కువ విద్య యనువారు ఒక్కసారి దగ్గర కూర్చుండి వినుడు. వాయించుటకు ముందు గడ్డిమంటపై తోలును కాచి బిగువు తెచ్చుట చూడుడు: శ్రుతి చేయుట అనగా నదియే. ఒక చేత సన్నని పొడుగు పుల్ల, మరియొక చేత పొట్టి కర్ర. ఒకటి నడకను నిలుపును, ఒకటి దానిపై మాటలాడును. నలుగురు కలిసినప్పుడు ఒకరు దరువు మార్చగానే, కనుసైగతో తక్కిన ముగ్గురును మార్తురు. కాలు, నడుము, చేయి ఒక్కటై కదలును. ఇందులో ఏ ఒక్కటియు కాగితముపై వ్రాయబడలేదు. ఒకరి ప్రక్కన ఒకరు నిలిచి నేర్చినదే. మన మృదంగ బాలుడు ఇట్టి బృందమున ఆరు నెలలు నిలిచినచో, ఆ పెద్దమ్మ ఊపిరి తీసికొన్నప్పుడు తానును ఆగియుండెడివాడు.

భాష సంగతి కూడ చెప్పవలసియున్నది. ఈ సంచిక తెలుగు సంఘము వారిది గదా. మా కంటబడిన వీడియో పాఠములలో ఎక్కువ భాగము ఆంగ్లమున, తమిళమున నున్నవి. ఆ భాషలపై మాకు ద్వేషము లేదు. కాని దరువు, నడక, ఎత్తుగడ, ముక్తాయింపు, తీర్మానము అను మాటలు మన పిల్లల నోటినుండి జారిపోవుచున్నవి. బడిలో కన్నడము, ఉద్యోగమునకు ఆంగ్లము. తెలుగునకు మిగిలినది ఇల్లు, భజన, కోలాటము, చెక్కభజన. గాజుల మలారము మోసి తిరిగిన కైవార నారేయణ తాతయ్య తెలుగునను కన్నడమునను పాడిన పాటలు ఈ సీమలో నేటికిని నిలిచియున్నవన్న, వానిని నిలిపినవి గ్రంథాలయములు కావు. తాళము వేసిన చేతులు. ఆ చేతులకు తెలుగున పాఠము చెప్పువాడు లేకపోయిన, మన భాష నిలిచియున్న చివరి అరుగును మన చేతులతోనే పడగొట్టుకొన్నట్లగును. అల్పసంఖ్యాకులము గనుక ఏది పోయినను మనకు మరల రాదు.

"అమెరికాలోని మన తెలుగువారి పిల్లలు ఆన్‌లైనులో నేర్చి కచేరీలు చేయుట లేదా?" అని మరియొక ప్రశ్న. చేయుచున్నారు. క్లీవ్లండు నగరమున 1978 నుండి త్యాగరాజ ఆరాధన జరుగుచున్నది. సముద్రము దాటినవారి పట్టుదలకు మేము నమస్కరించుచున్నాము. కాని వారికి గురువు పదివేల మైళ్ల దూరమున నున్నాడు. గత్యంతరము లేనివాడు తెరను ఆశ్రయించుట వివేకము. మనకు గురువు పది మైళ్ల దూరమున నున్నాడు. అక్కడి మందును ఇక్కడి అన్నముగా తినుట వివేకము కాదు. పైగా వారు సెలవులు రాగానే విమానమెక్కి గురువు ముందు వచ్చి కూర్చుందురు. వారు అంత సొమ్ము వెచ్చించి దేనికొరకు వచ్చుచున్నారో, దానిని మనము చేతనుండగా విడిచిపెట్టుచున్నాము.

విమర్శించుట సులభము, మార్గము చూపుమందురు. చూపుచున్నాము.

మొదటిది: సంఘనిధి సొమ్ము ముందుగా మనిషికి పోవలెను. చిక్కబళ్లాపురమున, బాగేపల్లిలో, చింతామణిలో ఒక్కొక్క గురువు. వారమునకు రెండు పూటలు. పిల్లలందరును ఒకచోట చేరి, ఒకరి చేతిని ఒకరు వినుచు నేర్వవలెను. ఆ గురువు ప్రసిద్ధుడు కానక్కరలేదు. విద్వత్ పరీక్ష నెగ్గినవాడే కానక్కరలేదు. చెవియున్నవాడైన చాలును.

రెండవది: తమటె గురువును కూడ పిలువవలెను. మృదంగ గురువునకు ఇచ్చు సంభావనయే ఆయనకును ఇవ్వవలెను. అదే చాప, అదే వరుస, అదే లోటాలో మంచినీరు. ఇది చేయలేకున్న, సంస్కృతి యను మాటను మన సంచిక అట్టమీదినుండి తీసివేయుట నయము.

మూడవది: ఫోనును పారవేయనక్కరలేదు, దాని పని దానికి ఇవ్వవలెను. పిల్లవాడు తన సాధనను తానే పట్టుకొని, మరునాడు వినవలెను. వాయించునప్పుడు వినబడని తప్పు మరునాడు వినబడును. మహావిద్వాంసుల కచేరీలను వినుటకును, గురువు చెప్పిన పాఠమును నెమరువేయుటకును అంతకంటె మంచి సాధనము లేదు. గురువు తరువాత అది గొప్ప సేవకుడు. గురువు స్థానమున అది చెవిటివాడు.

నాలుగవది: చూచుటకు వీడియోలే కావలెనన్న, మనవే తీయుదము. మన తాలూకాల తమటె దరువులను, కోలాటపు నడకలను, భజన తాళములను వాయించువారి అనుమతితో, వారి పేర్లతో, వారికి తగిన సొమ్ము ఇచ్చి, తెలుగునను కన్నడమునను వివరించి పదిలపరతము. ఇతరుల పాఠములకు చందాదారులుగా మిగులుటకంటె, మన పాఠములకు మనము దాతలమగుట గౌరవము.

ఐదవది: నేర్చిన పిల్లలు మూడు నెలలకొకసారి ఏదో యొక ఊరి భజనలో, పాడువారి ప్రక్కన కూర్చుండి వాయింపవలెను. అదియే పరీక్ష. గురుపూర్ణిమ వేళ కైవారమున జరుగు సంగీతోత్సవమున ఒక మూల కూర్చుండి తాళము వేయగల నాడు, అదియే పట్టము.

ఇందుకు ఖర్చు ఎక్కువగునని లెక్కలు చూపువారు ఉందురు. ఎక్కువయే యగును. గురువునకు ఇచ్చిన సొమ్ము ఎక్కడికి పోవును? మన సీమలోని ఒక యింటి పొయ్యిమీదికి పోవును. ఆ యింటి బిడ్డ తండ్రి విద్యను విడిచి బెంగళూరు కర్మాగారమునకు పోకుండ నిలుచును. వాద్యమునకు తోలు మూయువానికి రెండు పనులు దొరకును. చందా సొమ్ము పోవుచోట మన పేరు ఎరిగినవాడు ఒక్కడును లేడు. చౌక యని మనము కొనుచున్నది పాఠమును. ఖర్చుపెట్టి నిలుపవలసినది పాఠము చెప్పగల మనిషిని.

మొదట చెప్పిన సామెతను మరల తలచుకొందము. మద్దెలకు రెండువైపుల దెబ్బలే. అయినను రోలువలె అది మొరపెట్టుకొనదు, పలుకును. అయితే ఊరక పలుకదు. వినువాడు ప్రక్కన నున్నప్పుడు, చేయి ఆ వినికిని అనుసరించి దిద్దుకొన్నప్పుడు మాత్రమే దెబ్బ నాదమగును. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు రానున్నది. పెద్దలు చేతులెత్తుటకు ముందు ఒక్క పని చేయవలెనని మా విన్నపము. తమ యింటి పిల్లవానిని తెరను ఆర్పి, ఎదుట కూర్చుండబెట్టుకొని, ఒక్క కీర్తనకు వాయింపుమని చెప్పి, తాము గొంతెత్తి పాడుడు. నడుమ ఒకచోట ఊపిరి తీసికొనుడు. పిల్లవాడు ఆగినచో మా వాదము తప్పు. ఆగనిచో, మీ చేయి ఎటు లేవవలెనో మేము చెప్పనక్కరలేదు.